ఓడిన సీజన్ తర్వాత కోచ్‌ల మార్పు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాళ్ళ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో 12 ఆటలాడి 5 మాత్రమే గెలిచిందట. హెడ్ కోచ్‌ని కదపకుండా ఆయన కింద ఉన్న ఇద్దరు కోఆర్డినేటర్లని తీసేశారట. పెద్దాయన తప్పుకి కిందివాళ్ళని బలిచేయడం కాదా ఇది?
— ఒక తండ్రి, భీమవరం

జవాబు: మీ అబ్బాయి చెబుతున్నది మన ఊళ్ళో ఆడే ఫుట్‌బాల్ కాదండి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. అందులో దాడికి దిగే పదకొండుమంది వేరు, అడ్డుకునే పదకొండుమంది వేరు. కోచ్‌లు కూడా అలాగే విడిపోయి ఉంటారు. దాడికి ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కి ఒకరు, కిక్కులు చూసే స్పెషల్ టీమ్స్‌కి ఇంకొకరు. వాళ్ళ కింద బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి, ముందువరసలో నిలబడే లైన్‌మెన్‌కి, ఇలా స్థానానికో కోచ్. పిల్లల చేత బరువులెత్తించి ఒళ్ళు గట్టిపరిచే స్ట్రెంగ్త్ కోచ్ వీళ్ళు కాక. యూనివర్సిటీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో 2018 నుంచి అసిస్టెంట్ కోచ్‌లు పదిమందికి మించకూడదని ఉండేది. మైదానంలో ఎంతమందైనా నేర్పవచ్చని 2024లో సడలించారు.

చాలా జట్లలో ఆట జరుగుతుండగా తర్వాతి ఎత్తు ఏదో పిలిచి చెప్పేది కోఆర్డినేటరే. ఆటకి నలభై పాయింట్లు సమర్పించుకుంటున్న డిఫెన్స్ ఉంటే, లెక్క చెప్పవలసిన మొదటి మనిషి దాని కోఆర్డినేటర్. కాబట్టి వాళ్ళని మార్చిన ప్రతిసారీ బలి అనుకోనక్కర్లేదు.

దీనికి మంచి ఉదాహరణ నోటర్ డామ్ యూనివర్సిటీ. 2016లో ఆ జట్టు 4 గెలిచి 8 ఓడింది. నాలుగు ఆటలు కాగానే డిఫెన్స్ కోఆర్డినేటర్‌ని పంపేశారు. సీజన్ అయ్యాక డిఫెన్స్‌కి మైక్ ఎల్కో, దాడికి చిప్ లాంగ్, స్ట్రెంగ్త్ కోచ్‌గా మ్యాట్ బేలిస్ వచ్చారు. హెడ్ కోచ్ బ్రయన్ కెల్లీ మాత్రం ఉన్నచోటే ఉన్నారు. మరుసటి ఏడు 10 గెలుపులు, 3 ఓటములు. 2018లో రెగ్యులర్ సీజన్ 12కి 12 గెలిచి, ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్ళారు. పేపర్లు కోఆర్డినేటర్ల గురించే రాస్తాయి గానీ, స్ట్రెంగ్త్ కోచ్ మార్పుని కూడా మేము అంతే ముఖ్యంగా చూస్తాం. జనవరి నుంచి ఆగస్టు దాకా ఆటలు లేని నెలల్లో పిల్లలతో ఎక్కువసేపు గడిపేది ఆయనే.

అన్నిసార్లూ ఇలా కలిసిరాదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ 2023లో 13 గెలిచి ఒక్కటే ఓడింది. 2024లో 2 గెలిచి 10 ఓడింది. హెడ్ కోచ్ మైక్ నార్వెల్‌ని ఉంచి, నవంబరులో ఇద్దరు ప్రధాన కోఆర్డినేటర్లనీ తీసేశారు. 2025లో వచ్చినవి 5 గెలుపులు, 7 ఓటములు. సాధారణంగా ఆరు గెలిస్తేనే సీజన్ చివర బౌల్ ఆటకి అర్హత. ఐదు దగ్గర ఆగినవాళ్ళకి ఆ ఆటే కాదు, దాని పేరు మీద డిసెంబరులో దొరికే అదనపు ప్రాక్టీస్ కూడా పోతుంది. కుర్రాళ్ళకి అది పెద్ద నష్టం.

మీ అబ్బాయి జట్టు విషయంలో ఒక్కటి చూడమనండి. కోఆర్డినేటర్లని మార్చడం ఇది మొదటిసారా, రెండోసారా? మొదటిసారైతే మరమ్మతు అనుకోవచ్చు. రెండోసారైతే, వాళ్ళని ఏరికోరి తెచ్చుకున్నది ఎవరన్న ప్రశ్న హెడ్ కోచ్ దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: అక్కడ తీసేసిన కోచ్‌కి కూడా కోట్లకి కోట్లు ఇస్తారట. ఓడించినందుకు బహుమానమా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: కాంట్రాక్టు గడువులో మిగిలిన జీతానికి యూనివర్సిటీ ముందే హామీ ఇచ్చి ఉంటుందండి. దాన్ని బైఅవుట్ అంటారు. ఇప్పటిదాకా బాగా పేరుమోసినది టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వ్యవహారం. హెడ్ కోచ్‌గా జింబో ఫిషర్‌ని 2017లో పదేళ్ళ కాంట్రాక్టు మీద తెచ్చారు, 2021లో దాన్ని ఇంకా పొడిగించారు, 2023 నవంబరులో తీసేశారు. అప్పటికి బాకీ సుమారు 7.6 కోట్ల డాలర్లు. ఆనాటి మారకంలో 600 కోట్ల రూపాయలు దాటుతుంది.

చాలా కాంట్రాక్టుల్లో ఒక షరతు రాస్తారు. తీసేసిన కోచ్ ఇంకోచోట ఉద్యోగంలో చేరితే, అక్కడ వచ్చే జీతాన్ని పాత యూనివర్సిటీ తన బాకీలోంచి తగ్గించుకుంటుంది. ఫిషర్ కాంట్రాక్టులో ఆ షరతు లేదు. గెలుస్తున్న రోజుల్లో, ఎవరో తన్నుకుపోతారన్న భయంతో సంతకం పెట్టిన కాగితం ఓడిన రోజున ఇలా మెడకి చుట్టుకుంటుంది. కోఆర్డినేటర్ల కాంట్రాక్టులు ఎక్కువగా రెండు మూడేళ్ళవే కాబట్టి వాళ్ళని మార్చడం చవక. భీమవరం పాఠకుడు అడిగినదానికి ఇది రెండో కారణం. ఎవరూ పైకి చెప్పరు.

ప్రశ్న: కోచ్ మారగానే ఆటగాళ్ళు కూడా వెళ్ళిపోతారా?
— డిగ్రీ విద్యార్థి, రామచంద్రపురం

జవాబు: వెళ్తారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని 2018 అక్టోబరులో మొదలైంది. అందులో పేరు ఎక్కితే వేరే యూనివర్సిటీల వాళ్ళు ఆ ఆటగాడితో మాట్లాడవచ్చు. 2026 నుంచి ఫుట్‌బాల్‌కి ఏడాదికి ఒకటే గడువు: జనవరి 2 నుంచి 16 వరకు. హెడ్ కోచ్ మారితే విడిగా ఇంకొంత వ్యవధి ఇస్తారు. కొత్త కుర్రాళ్ళ సంతకాలు డిసెంబరు మొదట్లోనే జరిగిపోతాయి. అందుకే అక్కడ కోచ్‌ని తీసేయాలనుకుంటే అక్టోబరు, నవంబరుల్లోనే తీసేస్తారు. జనవరిదాకా నాన్చితే కొత్త కోచ్‌కి ఖాళీ గదే మిగులుతుంది. మన దగ్గర ఆ భయం లేదు. టీసీ తీసుకోవడమే ఒక టోర్నమెంటు.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర డిగ్రీ కాలేజీ. ఇంటర్ కాలేజియేట్, బయటి టోర్నమెంట్లు కలిపి మా ఫుట్‌బాల్ జట్టు నాలుగు ఆటలాడి నాలుగూ ఓడింది. 13 గోల్స్ ఇచ్చుకుని 2 కొట్టింది. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారే కోచ్. బయట నుంచి కోచ్‌ని తెద్దామని మేనేజ్‌మెంట్ అంటోంది. పీడీ గారు మనసు కష్టపెట్టుకున్నారు. ఎలా తేల్చుకోవాలి?
— స్పోర్ట్స్ కమిటీలో ఉన్న లెక్చరర్

జవాబు: మనిషి సంగతి పక్కన పెట్టి ముందు ఆ 13 గోల్స్‌ని ఒక కాగితం మీదికి దింపండి. ఒక్కో గోల్‌కి నాలుగు గళ్ళు చాలు. ఎన్నో నిమిషం? బంతి ఎలా వచ్చింది, అంటే కార్నరా, ఫ్రీ కిక్కా, మనవాడు పోగొట్టుకున్న పాసా? ఏ పక్క నుంచి? కొట్టినవాడికి దగ్గరలో మనవాడెవడు? పిల్లల ఫోన్లలో వీడియోలు ఉంటాయి. పీడీ గారిని, కెప్టెన్‌ని, గోల్ కీపర్‌ని ఒకచోట కూర్చోబెట్టి నింపించండి. రెండు గంటల పని.

కాగితం చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఎక్కువ గోల్స్ చివరి ఇరవై నిమిషాల్లో పడి ఉంటే దమ్ము చాల్లేదని అర్థం. అప్పుడు ప్రాక్టీస్ హాజరు పట్టీ తెరవండి. మన కాలేజీల్లో ఇక్కడే అసలు గుట్టు బయటపడుతుంది. నాలుగింటికి క్లాసులు అయిపోతాయి, నాలుగున్నరకి కాలేజీ బస్సు కదులుతుంది. లంక గ్రామాల పిల్లలకి ఆ బస్సు తప్పితే ఇంటికి దారి లేదు. బూట్లు కట్టుకుని విప్పుకోవడానికే ఆ అరగంట సరిపోతుంది. సార్వా కోతల రోజుల్లో సగంమంది అసలే రారు. పటియాలా జాతీయ క్రీడా సంస్థ నుంచి కోచ్‌ని తెచ్చినా ఆ అరగంటని గంటన్నర చేయలేడు. వారానికి మూడురోజులు ఆరింటి బస్సు ఒకటి వేయడం మేనేజ్‌మెంట్ చేతిలో పని. కోచ్ జీతం కంటే డీజిల్ ఖర్చు తక్కువ. దమ్ము కొలవడానికి, బీప్ మోగేలోగా గీత నుంచి గీతకి పరిగెత్తే 20 మీటర్ల బీప్ టెస్ట్ పెట్టండి. రెండు గీతలు, ఫోన్‌లో ఆడియో ఉంటే చాలు. ఒక్కొక్కడు ఏ లెవెల్ దాకా పరిగెత్తాడో రాసుకుని, ఆరు వారాలకి మళ్ళీ పెట్టండి. హాజరు సరిగా ఉండి కూడా అంకె కదలకపోతే, అప్పుడు తప్పు ప్రాక్టీస్‌దే.

గోల్స్ కార్నర్ల మీద పడి ఉంటే సంతోషించండి, ఇది తొందరగా బాగయ్యే జబ్బు. దగ్గరి పోస్టు దగ్గర ఒకడు, చిన్న పెట్టె గీత మీద, అంటే గోల్‌కి అయిదున్నర మీటర్లలో, బంతిని తలతో బాగా కొట్టేవాళ్ళు ముగ్గురు. వీళ్ళు మనిషిని చూడరు, తమ చోటు కాస్తారు. ఎదుటివాళ్ళలో పొడుగువాళ్ళకి ఒక్కొక్కడిని అంటించండి. పెట్టె బయట ఒకడు ఉండాలి, తిరిగొచ్చిన బంతి అతనిది. ఇదంతా కుదిరినా గోల్ పడుతుంటే కీపర్ నోరు విప్పడం లేదన్నమాట. ముందుకొస్తుంటే ‘నాది’, రాకపోతే ‘కొట్టు’, ఈ రెండు మాటలు కేకేసి చెప్పాలి. వారానికి రెండుసార్లు, ఒక్కో పక్క నుంచి పది కార్నర్లు కొట్టించండి. పావుగంట పడుతుంది. ఇది పీడీ గారే చేయించగలరు.

సొంత సగంలో పాసులు పోగొట్టుకుని గోల్స్ ఇచ్చుకుంటుంటే మాత్రం అది నేర్పులో లోపం. దానికి ఫుట్‌బాల్ తెలిసిన మనిషి కావాలి. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, ఆగస్టు 15 పరేడ్, అన్నీ ఒక్క పీడీ నెత్తిన పెట్టి ఇది కూడా ఆయనే చూడాలనడం అన్యాయం. వారానికి మూడు సాయంత్రాలు వచ్చే పార్ట్‌టైమ్ కోచ్‌ని పెట్టుకోండి. పీడీ గారు పైన ఉంటారు. పదకొండుమందిని ఎంచేది ఎవరో మాత్రం మొదటిరోజే కాగితం మీద రాయాలి. ఇద్దరూ ఎంచితే పిల్లలు ఒకరి మాట ఇంకొకరి దగ్గర మోస్తారు, నెలలో జట్టు రెండు ముక్కలవుతుంది.

గ్రౌండు సంగతి కూడా చూడండి. మన ఒండ్రునేలలో అక్టోబరు, నవంబరు వానలకి గోల్ ముందు మడుగు కట్టి, కీపర్‌కి కాలు నిలవదు. చాలామంది అక్కడ ఇసుక పోసి ఊరుకుంటారు. చుట్టూ బంకమట్టి, నీరు పోయే దారి లేదు కాబట్టి అది ఇసుక నిండిన తొట్టి అవుతుంది, పై ఏడాదికి ఇంకా లోతుగా దిగబడుతుంది. ముందు గోల్ వెనక్కి జానెడు లోతు కాలువ తీసి గ్రౌండు బయటికి వాలు ఇవ్వండి. ఆ తర్వాత 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున 5 సెంటీమీటర్ల మట్టి తీసి ఇసుక నింపండి. ఒక్కో గోల్‌కి సుమారు ఒక ఘనపు మీటరు పడుతుంది. గ్రౌండు మునిగిన వారాల్లో బాస్కెట్‌బాల్ సిమెంటు కోర్టు మీద, ఐదుగురు చుట్టూ తిప్పుతుంటే ఇద్దరు లాక్కునే పాసుల ఆట ఆడించండి. స్టడ్ బూట్లు కాకుండా మామూలు బూట్లతో.

పీడీ గారికి ఒక మాట చెప్పండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. కోచ్ హైదరాబాదుకి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు, రహీం గారిని మాత్రం వదులుకోలేదు. అదే కోచ్ కింద 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం వచ్చాయి.

అయితే ఒక సందర్భంలో మార్చక తప్పదు. బస్సు ఉండి, గ్రౌండు ఉండి, పిల్లలు కోచ్ మొహం చూడలేక ప్రాక్టీస్ మానేస్తుంటే ఆలోచించడానికి ఏమీ లేదు.

ప్రశ్న: కోచ్ పోస్టుకి వచ్చినవాళ్ళలో ఎవర్ని తీసుకోవాలి? ఏ సర్టిఫికెట్ చూడాలి?
— ప్రైవేటు కాలేజీ కరస్పాండెంట్, తణుకు

జవాబు: ఫుట్‌బాల్‌లో లైసెన్సులు కింది నుంచి డి, సి, బి, ఎ, ప్రో. డి మన ఫెడరేషన్ ఇచ్చేది, సి నుంచి పైవి ఆసియా సమాఖ్యవి. కాలేజీ జట్టుకి సి ఉంటే చాలు, డి ఉన్నా ఫరవాలేదు. పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) వాళ్ళయితే ఏడాది డిప్లొమానా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సా అని అడగండి. రెంటినీ ‘ఎన్ఐఎస్’ అనే రాసుకుంటారు.

కాగితం కంటే ఒక గంట ప్రాక్టీస్ చేయించి చూడటం మేలు. పద్దెనిమిది మందినీ, ఆరు బంతుల్నీ ఇచ్చి పక్కన నిలబడండి. పిల్లలు వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారా, అందరి కాళ్ళకీ బంతి తగులుతోందా? తప్పు జరిగినప్పుడు ఆపి చూపిస్తున్నాడా, కేకలేసి వదిలేస్తున్నాడా? మొదటి పావుగంట గ్రౌండు చుట్టూ పరుగులే పెట్టించినవాణ్ణి ఇంటికి పంపించవచ్చు.

ప్రశ్న: పాత కోచ్ మానేశారు, కొత్తాయన వచ్చే వారం చేరతారు. పాతాయన దగ్గర ఏమేం తీసుకోవాలి?
— అసిస్టెంట్ పీడీ, నరసాపురం

జవాబు: హాజరు పట్టీ, ఆటల స్కోర్లు, వీడియోలు. ఎవరికి ఏ మోకాలు, ఏ మడమ దెబ్బతిని ఎన్నాళ్ళు ఆగారో ఆ వివరం తప్పనిసరి. కొత్తాయనకి తెలియక మొదటివారమే పరిగెత్తిస్తే ఆ కుర్రాడు సీజన్ అంతా బెంచీ మీదే ఉంటాడు. ఎలిజిబిలిటీ ఫారాలు, వాటికి జతచేసిన పదో తరగతి సర్టిఫికెట్ నకళ్ళు కూడా తీసుకోండి. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా ఉన్నా ఎదుటి జట్టు ప్రొటెస్ట్ వేస్తుంది. బంతులు లెక్కపెట్టి, గాలి కొట్టి ఒక రాత్రి ఉంచి చూడండి. పొద్దున్నకి మెత్తబడ్డవాటిని స్టాకు పుస్తకంలో విడిగా రాసి, పాతాయన సంతకం పెట్టించుకున్నాకే నో డ్యూస్ ఇవ్వండి.