అన్న అడగని లెక్క

నల్లగొండ నుంచి ఒక తమ్ముడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు ముప్పై తొమ్మిది. ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ, ఎక్సెల్ నేర్పిస్తారు. ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు, సొంతంగానే. పొద్దున ఆరున్నరకు గడియారం సెంటర్ దగ్గర ఒక బ్యాచ్. పగలంతా డిగ్రీ కాలేజీలు: సోమ, బుధవారాలు సూర్యాపేట, మంగళ, గురువారాలు మిర్యాలగూడ, శుక్రవారం దేవరకొండ. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మళ్లీ నల్లగొండలో రెండు బ్యాచ్‌లు. ఆదివారం హైదరాబాద్ పోయి దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు గంటల క్లాసు. మూడు నెలలుగా గొంతు బొంగురు. మొన్న సూర్యాపేట బస్టాండ్‌లో కూర్చొని లేవబుద్ధికాక రెండు నల్లగొండ బస్సులు వదిలేశారట. ఒక అమ్మాయి లేచి డౌటు అడిగితే "నీకిది వచ్చినా రాకున్నా ఒకటే" అన్నారట. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో తనకే తెలియలేదట. ఆయన అడిగింది ఇది: "ఏ కాలేజీ పిలిచినా కాదనలేకపోతున్నాను. నా సమయాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి? బ్యాచ్‌లు ఆన్‌లైన్‌కు మార్చాలా? యోగా, ధ్యానం మొదలుపెడితే సరిపోతుందా?"

తమ్ముడూ,

మీరు అడిగిన దానికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. ఆదివారం హైదరాబాద్ క్లాసు ఈ నెలతో ఆపేయండి. సాయంత్రం రెండు బ్యాచ్‌లను ఒకటి చేయండి. టైం టేబుల్ వేయడం నాకన్నా మీకే బాగా తెలుసు. పిల్లలకు వేసి ఇస్తున్నవారు మీరు. యోగా మంచిదే. కానీ ఆరున్నర బ్యాచ్ కోసం ఉరికే మనిషి నాలుగున్నరకు లేచి చేసే యోగా, ఉన్న కాస్త నిద్రలోంచి కోసుకున్నదే అవుతుంది. ఆన్‌లైన్ సంగతీ అంతే. బస్సులో పోయే సమయం మిగిలితే అందులో ఇంకో బ్యాచ్ పెడతారు మీరు. ఈ మాటలు మీ ఉత్తరం చదివిన ఎవరైనా చెప్పగలరు.

నన్ను ఆపింది మూడో పేజీ. మొదటి రెండు పేజీలూ పత్రికకు రాసే భాషలో రాశారు. మూడో పేజీకి వచ్చేసరికి మీకు తెలియకుండానే ఇంటి భాష వచ్చేసింది. ఇలా రాశారు:

"నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు మా బాపు పోయిండు. అన్న డిగ్రీ ఇడిసిపెట్టి ఎవుసం పట్టిండు. నా ఎంబీయేకు ఎకరంన్నర అమ్మిండు. ఇప్పుడు ఆయన కొడుకు బీటెక్ ఫీజు నేనే కడుతున్న. బత్తాయి తోటల నాలుగు బోర్లు ఏస్తే నీళ్లు పడలే, రెండు బోర్ల ఖర్చు నేనే పెట్టిన. అన్న ఎన్నడు అడగలే. అడగకముందే పంపుత. పైసలు ఏసిన్నని ఫోన్ చేస్తే, 'ముట్టినయ్ రా. నువ్వెప్పుడొస్తవ్?' అంటడు. వచ్చే నెల వస్తనే అంట."

నాలుగో పేజీలో మళ్లీ గొంతు నొప్పి, కాలేజీల బిల్లులు, టైం మేనేజ్‌మెంట్. అన్న ఊసు లేదు. మీ అలసటకు మూలం సూర్యాపేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో లేదు తమ్ముడూ. ఆ మూడో పేజీలో ఉంది.

ముందు మీ ఒంటి సంగతి చెబుతాను, ఎందుకంటే అది ఆగదు. మీరు రాసిన గంటలు నేను కలిపి చూశాను. పొద్దుటి బ్యాచ్ వారానికి 12 గంటలు. కాలేజీలు, బస్సు ప్రయాణాలు కలిపి 40. సాయంత్రాలు 18. ఆదివారం రానుపోను కలిపి 9. మొత్తం 79, శనివారం పగలు మెటీరియల్ తయారు చేసుకునేది లెక్కలో కలపకుండానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెల్లడించాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. అంకెలతో బతికే మనిషి కాబట్టి అంకెల్లోనే చెబుతున్నాను.

ఆ అమ్మాయితో అన్న మాటకు మీరు సిగ్గుపడుతున్నారు. పడాల్సిందే. ఆ పిల్లను వెతికి పట్టుకొని క్షమించమనండి, డౌటు తీర్చండి. అయితే మీరు చెడ్డవారైపోయారని మాత్రం అనుకోకండి. బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో మనిషి అలసి ఆరిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో ప్రస్తావించింది, జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే పరిస్థితిగా. దానికి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో సత్తువంతా ఊడ్చుకుపోవడం. చేసే పని మీదే విరక్తి కలిగి మనసు దూరం జరగడం. ఎంత చేసినా ఏమీ చేయనట్టే ఉండడం. బస్టాండ్‌లో బస్సులు వదిలేయడం మొదటిది. ఆ అమ్మాయితో అన్న మాట రెండోది. మూడోది కూడా మీ ఉత్తరంలో ఉంది, అది అన్న దగ్గర ఉంది.

మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి తీరాలి. మీకు మూడు నెలలైంది. రోజంతా గొంతెత్తి మాట్లాడేవాళ్లకు స్వరతంత్రుల మీద చిన్న బొడిపెలు రావడం మామూలే, తొందరగా చూపిస్తే చాలామందికి విశ్రాంతితోనే నయమవుతుంది. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోకండి, అదీ శ్రమే. క్లాసులో చిన్న కాలర్ మైకు పెట్టుకోండి. బస్టాండ్‌లో కూర్చున్నప్పుడు ఇక బతుకే వద్దన్నంత ఆలోచన ఏదైనా వచ్చి ఉంటే, నాకు రాయకుండా దాచి ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఈ రోజే ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇక అన్న సంగతి.

ట్యాలీ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదట్లోనే లెడ్జర్, అంటే ఒక్కొక్కరి పేరు మీద ఖాతా, తయారు చేయడం చెబుతారు కదా. పేరు, ఏ గ్రూపు కింద, ఓపెనింగ్ బ్యాలెన్స్, అంటే ఖాతా తెరిచేనాటికి ఉన్న బాకీ, ఎంత. మీ మనసులో అన్న పేరుతో ఒక లెడ్జర్ ఇరవై ఏళ్లుగా తెరిచి ఉంది. అప్పులిచ్చినవాళ్ల గ్రూపులోనే పెట్టారు. ఓపెనింగ్ బ్యాలెన్స్ మాత్రం రాయలేదు. ఎకరంన్నర ఎంత? ఆయన వదులుకున్న డిగ్రీ ఎంత? దానికి అంకె లేదు కాబట్టి, నెలనెలా ఎంత కట్టినా మిగిలింది ఎంతో మీకు కనబడదు. ఏ కాలేజీ ప్రిన్సిపాల్ ఫోన్ చేసినా మీకు వినబడేది ఆ అమ్ముడుపోయిన పొలం. అందుకే కాదనలేరు. దేవరకొండలో రెండు గంటల క్లాసు కోసం శుక్రవారం మొత్తం పోగొట్టుకుంటున్నది అందుకే.

అన్న రుణం రుణమే కాదు, ఎవరి బతుకు వాళ్లది అని చెప్పే సలహాదారులు చాలామంది ఉన్నారు. నేను చెప్పను. నన్ను చదివించడానికి ఒకరు చదువు మానేశారంటే అది నా నెత్తి మీద ఉంటుంది, ఉండాలి కూడా. నేను పుట్టింది పాలమూరులో, ఏడాదిలో సగం రోజులు మగవాళ్లు బొంబాయి, పుణె పనులకు పోయే ఊళ్లో. పనికి పోయిన రోజే కూలి, పడుకుంటే పస్తు అన్న భయం నేను చూస్తూ పెరిగాను. మీ సొంత పని కూడా అలాంటిదే. క్లాసు చెప్పిన రోజే పైసలు, జ్వరం వచ్చిన రోజు సున్నా. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. మా చిన్నాయన ఇరవై రెండేళ్లు బొంబాయిలో తట్టలు మోసి ఇంటికి పైసలు పంపాడు. వాటితోనే మా ఇంటికి స్లాబు పడింది. ఆ స్లాబు కింద ఆయన మొత్తం కలిపి ఒక ఏడాది కూడా పడుకోలేదు. మా బాపు చనిపోయే ముందు "వాడు పైసలు పంపిండు గానీ నా పక్కన కూసోలే" అన్నాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరూ ఒకరికొకరు బాకీ పడ్డామనుకుంటూనే పోయారు.

మీ అన్న అడిగింది ఒక్కటే. "నువ్వెప్పుడొస్తవ్?" ఆ ఒక్కదానికి తప్ప అన్నింటికీ మీరు పైసలు పంపారు.

"అడగకముందే పంపుత" అని గర్వంగా రాశారు. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ అడగనివ్వకపోవడం కూడా ఉంది. అడిగితే కూర్చొని మాట్లాడాలి. ఆ ఎకరంన్నర మాట వస్తుంది, బాపు మాట వస్తుంది. పైసలు వేస్తే ఫోన్ అర నిమిషంలో అయిపోతుంది. పోయిన దసరాకు పొద్దున ఊరికి పోయి, సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు ఉందని మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చానని రాశారు. ఊరంతా జమ్మి దగ్గరికి పోయే వేళకు మీరు బస్సులో ఉన్నారు. బంగారం అని జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి అలాయ్ బలాయ్ తీసుకోవాల్సిన తమ్ముడు, అన్న చేతిలో కవరు పెట్టి వచ్చాడు. ఆ రాత్రి మీ అన్నకు ఎలా ఉండి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. నాకైతే ఆ వాక్యం చదవగానే కళ్లు తడిశాయి.

మీ ఇంటావిడ గురించి ఒకే ఫిర్యాదు రాశారు. "మీ అన్న కోసమే బతుకుతున్నవా" అంటుందని. బోర్లకు పెట్టిన ఖర్చు ఆమెకు చెప్పలేదని ఆ పక్క వాక్యంలోనే ఉంది. ఇది నాకు నచ్చలేదు. దాచి ఇచ్చే పైసలు ఇచ్చినవాడికీ గౌరవం కాదు, పుచ్చుకున్నవాడికీ గౌరవం కాదు. రేపు ఎవరి నోటనో తెలిస్తే ఆమె దృష్టిలో దొంగ అయ్యేది మీరు కాదు, మీ అన్న. ఏ పాపం ఎరగని మనిషికి ఆ పేరు ఎందుకు తెస్తారు? ఈ రోజే కూర్చొని మొత్తం చెప్పండి. ఆమె కోప్పడుతుంది. పడనివ్వండి. "పాప పడుకున్నంక ఇంటికొస్త" అన్నారు. నాలుగు పేజీల్లో మీ ఏడేళ్ల బిడ్డ గురించి ఉన్నది ఆ ఒక్క ముక్కే. ఆ కోపంలో సగం దాని కోసమై ఉంటుంది.

అన్నయ్య కొడుకు ఫీజు విషయంలో నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలింది ఎంతో చూసి, దానికి ఆ అబ్బాయి పేరు మీద విద్యా రుణం తీసుకోండి. కావాలంటే మీరు పూచీ ఉండండి. చాలా బ్యాంకుల్లో చదువు అయ్యాక మరో ఏడాది దాకా కిస్తీలు మొదలుకావు. వాడి చిన్నాయనను నేను బతికుండగా అప్పు ఎందుకు అంటారేమో. బ్యాంకు అప్పుకు అంకె ఉంటుంది, చివరి కిస్తీ అని ఒకటి ఉంటుంది, అది కట్టిన రోజు ఆ పిల్లవాడు తల ఎత్తుకొని మీ ఇంటికి వస్తాడు. మీరు మోస్తున్నలాంటిది వాడి నెత్తికి ఎత్తకండి.

పని తగ్గించడం గురించి కాస్త చెప్పి వదిలేస్తాను. మూడు నెలలకు గానీ బిల్లు ఇవ్వని కాలేజీలు రెండున్నాయన్నారు, మొదట మానాల్సింది వాటినే. దూరం పోయే చోట చార్జీలు విడిగా అడగండి, ఇవ్వనంటే దిగులు లేదు, ఆ రోజు మీకు మిగిలినట్టు. కాలేజీలు ఉండని ఎండాకాలం కోసం ఇప్పటి నుంచే నెలకు ఇంత అని వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతా ఉంటే ఫోన్ మోగినప్పుడు "ఈసారి వీలు కాదు సార్" అనే మాట నోటికి వస్తుంది. ఆదాయం తగ్గుతుంది, నిజమే. ఎంత తగ్గుతుందో మీ ఇంటావిడతో కలిసి లెక్క వేయండి, ఒక్కరే వేయకండి.

వచ్చే ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ క్లాసు వాళ్లకు రానని ముందే చెప్పండి. ఆమెను, పాపను తీసుకొని మీ ఊరి బస్సు ఎక్కండి. కవరు పట్టుకుపోకండి. అన్నతో తోటలోకి నడవండి. బత్తాయికి ఎప్పుడు నీళ్లు ఆపుతారో, ఆకు వాడేదాకా చెట్టును ఎందుకు ఎండబెడతారో, మళ్లీ నీళ్లు ఎప్పుడు పెడతారో అడగండి, చెప్పనివ్వండి. ఇరవై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని గురించి మీరు ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉండరు. ఎకరంన్నర మాట మీరే ఎత్తండి. "నా వల్ల నీ చదువు పోయిందే అన్నా" అని నోటితో అనండి. ఆయన ఏమంటాడో నేను చెప్పలేను, తిట్టినా తిట్టొచ్చు. తల వంచుకొని వినండి.

రాత్రికి అక్కడే పడుకోండి. సోమవారం పొద్దుటి బ్యాచ్ పిల్లలకు సెలవని ఇప్పుడే మెసేజ్ పెట్టండి. వదినకు మాత్రం ముందుగా ఫోన్ చేయండి, ముగ్గురం తినడానికి వస్తున్నామని.