తోటంతా ఒకేసారి కొట్టేయకుండా కలప మీద ఆదాయం వస్తుందా? మా అనుభవం

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర కొండ కింద మూడెకరాల మెట్ట ఉంది, జామాయిలు వేస్తే నాలుగేళ్లకు కాంట్రాక్టరే మొత్తం కొట్టుకుని గుత్తగా డబ్బిస్తానంటున్నాడు, వేరే దారి ఉందా అని అడిగారు. ఉందండి. మేం రెండూ చేసి చూశాం.

మాది మెళియాపుట్టి వైపు. 2012లో నాన్న రెండెకరాల్లో జామాయిలు పెట్టారు. 2016 వేసవిలో గుత్తకు ఇచ్చేశాం. మూడు రోజుల్లో చేను బోడి అయిపోయింది. ఆకూ రెమ్మా కూడా వంటచెరకని ఊడ్చుకుపోయారు. తొలకరి వానలకు పైమట్టంతా ఎర్రగా గెడ్డలోకి (వాగులోకి) దిగింది. కింద చెరువు మదుం (తూము) దగ్గర ఒండ్రు పేరుకుంటే ఆయకట్టు రైతులు ఇంటికొచ్చి అడిగారు. నాన్న తల దించుకుని నిలబడ్డారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మొదళ్ల నుంచి మళ్లీ పిలకలొచ్చాయి. అన్నీ ఒకే వయసు, ఒకే ఎత్తు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి అన్నీ ఒకేవైపు పడిపోయాయి. గెడ్డ గట్టున తాతల నాటి వెదురు పొదలు మాత్రం ఒంగి మళ్లీ లేచాయి. ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి ఎంత పోయిందో మీకు తెలుసు, కాబట్టి కలిపి వేస్తే ఏ చెట్టూ పడదని చెప్పను. కానీ రకరకాల వయసుల చెట్లుంటే అన్నీ ఒక్కసారే పోవు.

ఆ తర్వాతే చేలో వెదురు వేశాం. మొదటి మూడేళ్లు మధ్యలో కందులు, చోళ్లు (రాగులు) వేసుకున్నాం. నాలుగైదేళ్ల దాకా వెదురు మీద రూపాయి రాదు, దానికి సిద్ధపడాలి. కోత మాత్రం మా ఊరి మేదరి తాతే నేర్పాడు. కొత్త బొంగు నిగనిగలాడుతూ తెల్లటి పొడి, తొడుగులతో ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. మూడేళ్లు దాటినది రంగు తగ్గి బూడిద మచ్చలు పడుతుంది, కత్తి వెనకతో కొడితే ఖణేల్‌మంటుంది. నేలకు జానెడు ఎత్తులో, కణుపుకు సరిగ్గా పైన నరకాలి. కణుపు మీద బోలు మిగిలితే అందులో నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది. వానాకాలం కొత్త మొలకలొచ్చే కాలం, అప్పుడు పొదలోకి వెళ్లకూడదు. ఇలా కోస్తే ఏటా బొంగులు దిగుతాయి, పొద అక్కడే ఉంటుంది, మట్టీ కదలదు.

గట్ల మీద టేకు, లోపల పనస, జీడి, సీతాఫలం పెట్టాం. టేకు కొట్టి తరలించాలంటే అటవీశాఖ పర్మిట్ కావాలి. అటవీ భూమి కానిచోట పెంచిన వెదురును 2017లో కేంద్రం చట్టం సవరించి చెట్ల జాబితా నుంచి తీసేసింది. అయినా లోడు కదిలే ముందు రేంజ్ ఆఫీసులో ఒకసారి అడగండి, దారిలో టెన్షన్ ఉండదు.

కాంట్రాక్టరు ఇచ్చేంత మొత్తం ఒకేసారి చేతికి రాదు, అది నిజం. పెళ్లి ఖర్చో, అప్పో ముందుంటే ఒక ఎకరం జామాయిలుకు వదిలి, మిగిలిన రెండూ ఇలా పెట్టుకోండి. ఇప్పటికే అడ్వాన్సు తీసుకుని ఉంటే, ఏడాదికో ఎకరం చొప్పున మూడు విడతల్లో కొట్టేలా, గెడ్డ వైపు రెండు వరసలు ముట్టుకోకుండా ఉండేలా కాగితం మీద రాయించుకోండి. మేం ఆ ఒక్క కాగితం రాయించుకోలేదు.