మీ ప్రశ్నలు – మా జవాబులు: పోయిన మూకీలు, పేరు పడని వేషాలు

ప్రశ్న: ఎల్.వి. ప్రసాద్ గారు కుర్రతనంలో ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అనే మూకీలో చిన్న వేషం వేశారట. అది మన మద్రాసులో రఘుపతి వెంకయ్య గారు తీసిందేనా? ప్రింటే లేని సినిమాలో ఫలానా ఆయన ఉన్నారని తేల్చుకునేదెలా?
– ఒక పాఠకుడు, వడపళని

జవాబు: కాదండీ. వెంకయ్య గారు, కొడుకు ప్రకాష్ గారు మద్రాసులో నడిపిన కంపెనీ పేరు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసింది వాళ్లే. ప్రసాద్ గారు 1908లో పుట్టారు, అప్పటికి పదమూడేళ్ల పిల్లాడు. ఆయన వేషం కట్టిన మూకీ బొంబాయిలో అక్తర్ నవాజ్ తీసింది. పేర్లు కలవడంతో వచ్చిన చిక్కే ఇదంతా. ఆ తర్వాత ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింట్లోనూ చిన్న వేషాలు వేశారు. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలైన ఆ మూడింటి ప్రింట్లూ ఇవాళ లేవు.

ఇలాంటి వాటికి కాగితాలే దిక్కు. నటుడు పెద్ద వయసులో చెప్పిన జ్ఞాపకాన్ని చివరికి ఉంచుకోండి. ముందు సెన్సారు రికార్డు చూడండి. మద్రాసులో సెన్సారు బోర్డు 1920 నుంచీ ఉంది. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరులో విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు. 1932 జనవరి 22న సెన్సారైందని బయటపడ్డాకే విడుదల తేదీ ఫిబ్రవరి 6కి మారింది. తర్వాత కరపత్రాలు, పాటల పుస్తకాలు, ఆనాటి పత్రికల ప్రకటనలు వెతకండి. తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ, ఎగ్మూరులో కన్నెమెరా లైబ్రరీ మీకు అందుబాటులోనే ఉన్నాయి. అయితే వీటిల్లో ముఖ్య పాత్రల పేర్లే అచ్చవుతాయి. గుంపులో నిలబడ్డవాడి పేరు కనబడకపోతే ఆయన అందులో లేడని కాదు.

స్టిల్ (షూటింగ్‌లో తీసిన ఫోటో) దొరికితే ముఖం కంటే ముందు చెవి పోల్చండి. మీసం, కిరీటం, మేకప్ మనిషిని మార్చేస్తాయి గానీ చెవి తమ్మె, మడతలు అలాగే ఉంటాయి. ఇంకో మెలిక ఉంది: స్టిల్‌ని వేరే కెమెరాతో తీస్తారు. అందులో ఉన్నవాడు ఎడిటింగ్‌లో ఎగిరిపోయి ఉండొచ్చు కూడా.

ప్రశ్న: దక్షిణాది మూకీ ఒక్కటైనా మిగిలిందా?
– ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు

జవాబు: 1933 నాటి మలయాళ ‘మార్తాండ వర్మ’ ప్రింటు పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్ (ఎన్ఎఫ్ఎఐ)లో ఉంది. దానికి ఆధారమైన నవల హక్కుల గొడవ కోర్టుకెక్కి ప్రదర్శన ఆగిపోయింది, ప్రింటు నవల ప్రచురణకర్తల దగ్గరే ఉండిపోయింది. లేకపోతే అదీ ఊరూరా తిరిగి అరిగిపోయేదే.

ప్రశ్న: తాతగారి ట్రంకుపెట్టెలో తుప్పు పట్టిన రీలు డబ్బా దొరికింది. ప్రొజెక్టర్ మీద వేయించి చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

జవాబు: వద్దమ్మా. పాత ఫిల్ము కుంచించుకుపోతుంది. పక్క చిల్లులు ప్రొజెక్టర్ పళ్లకు సరిపోక చిరుగుతాయి. పొయ్యి, దీపం, అగరొత్తి దగ్గర లేకుండా, గాలి ఆడే చోట డబ్బా తెరవండి. వెడల్పు 16 మిల్లీమీటర్లయితే భయం లేదు, ఆ సైజులో నైట్రేట్ ఫిల్ము (ఇట్టే అంటుకునే పాతకాలపు రకం) వాడలేదు. 35 అయితే భూతద్దంతో అంచు చూడండి. ‘నైట్రేట్’ అని ఇంగ్లీషు అక్షరాలుంటే అది నైట్రేటే, ఏమీ లేకపోయినా నైట్రేటే అనుకోండి. ‘సేఫ్టీ’ (సులువుగా అంటుకోని రకం) అని ఉన్నా పూర్తిగా నమ్మకండి, అసలు ఫిల్ము మీది అక్షరాలు కాపీలోకి దిగిపోతుంటాయి. బొమ్మ పక్కన సౌండ్ చార లేకుండా, ఫ్రేము చిల్లుల మధ్య నిండుగా ఉంటే మూకీ కావచ్చు. వెయ్యి అడుగుల రీలు సెకనుకు 16 ఫ్రేముల చొప్పున పదహారున్నర నిమిషాలు పైనే నడుస్తుంది.

బొమ్మ వెలిసిపోవడం, జిగట, బుడగలు, చివరికి గోధుమరంగు పొడి: నైట్రేట్ ఈ వరుసలోనే చెడుతుంది. జిగట పట్టిన చుట్టను లాగి విప్పకండి, బొమ్మ ఊడి వస్తుంది. బాగా కుళ్లిన రీలు రోజుల తరబడి 41 డిగ్రీల వేడిలో ఉంటే తనంతట తానే అంటుకోగలదు, మన మే నెల ఎండ అంతే. అంటుకుంటే నీళ్లకు ఆరదు, మంటకు కావలసిన ఆక్సిజన్ ఆ ఫిల్ములోనే ఉంటుంది. కాబట్టి అటక మీద, రేకుల కింద పెట్టకండి. కొరియర్‌లోనూ పంపకండి. డబ్బా, ఫిల్ము అంచు ఫోటోలు తీసి ముందు ఎన్ఎఫ్ఎఐకి రాయండి.