7075 అల్యూమినియం భాగానికి షాట్ పీనింగ్ చేయించేముందు

7075-టి6 (వేడి చికిత్సతో గట్టిపరిచిన బలమైన అల్యూమినియం మిశ్రమం)తో చేసిన లివర్ ఫిల్లెట్ (లోపలి మూలను గుండ్రంగా తీర్చిన వంపు) దగ్గర పదేపదే బీట వారుతోందని, షాట్ పీనింగ్ (చిన్న గుండ్లను వేగంగా విసిరి ఉపరితలాన్ని కొట్టడం) చేయిస్తే ఆగుతుందా, ఎంత గట్టిగా కొట్టిస్తే అంత మంచిదా, అనోడైజింగ్ (విద్యుత్తుతో పైన ఆక్సైడ్ పొర ఎక్కించడం) ఎప్పుడు పెట్టుకోవాలని అడిగారు. పీనింగ్ తప్పకుండా చేయించండి. గట్టిగా మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట మాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. అదే లోహం, బీట వారింది కూడా ఫిల్లెట్ దగ్గరే. ఉక్కు గేర్లకు పెట్టే అమరికనే దీనికీ పెట్టించాం: ఉక్కు గుండ్లు, ఎ పట్టీ (దెబ్బల తీవ్రత కొలిచే ఉక్కు పట్టీల్లో మందమైనది, కింద వివరిస్తాను) మీద కొలిచిన తీవ్రత. భాగాలు చూడటానికి చక్కగా, ఒకే తీరు మసక మెరుపుతో వచ్చాయి. పరీక్ష యంత్రంలో పెడితే కొన్ని పీనింగ్ లేనివాటికన్నా ముందే విరిగాయి. ఒకదాన్ని అడ్డంగా కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు కారణం కనిపించింది. తడి బంకమట్టిని వేలితో పదేపదే నొక్కితే గుంట అంచు పైకి లేచి పక్కకు వాలిపోతుంది కదా, ఉపరితలం అచ్చంగా అలా మడతలు పడి ఉంది. ఒక మడత కొన నుంచే బీట లోపలికి దిగింది. బీటను ఆపమని చేయించిన పనే దానికి దారి చూపించింది.

పీనింగ్ పనిచేసే తీరు నిజానికి సులువైనది. ప్రతి దెబ్బకూ పైపొర సాగి వెడల్పు కావాలని చూస్తుంది, కింది లోహం దాన్ని సాగనివ్వదు. అందువల్ల పైపొరలో సంపీడన ప్రతిబలం, అంటే లోహాన్ని దగ్గరకు నొక్కిపట్టే బలం, మిగిలిపోతుంది. అల్యూమినియంలో ఇది సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడు పదో వంతుల లోతు ఉంటుంది. అలసటతో, అంటే భారం పదేపదే పడటం వల్ల, వచ్చే బీట తెరుచుకోవాలంటే లాగే బలం కావాలి, ఈ పొర దాన్ని అణచిపెడుతుంది. ఉక్కుకు ఉన్నట్టు అల్యూమినియంకు స్పష్టమైన అలసట హద్దు లేదు. చిన్న భారమైనా కోట్ల సార్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు లెక్కలోకి వస్తుంది. అందుకే ఈ లోహానికి పైపొర స్థితి ఇంత ముఖ్యం. అయితే మీ లివర్ ప్రతిసారీ కొద్దిగా శాశ్వతంగా వంగేంత భారం పడుతుంటే ఆ సంపీడనం త్వరలోనే కరిగిపోతుంది. అలాంటప్పుడు ఆకారమే మార్చాలి.

ఇక కొలత సంగతి. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఆల్మెన్ పేరు మీద వచ్చిన పట్టీలే నేటికీ ఆధారం. 76 మిల్లీమీటర్ల పొడవు, 19 వెడల్పు ఉన్న స్ప్రింగ్ ఉక్కు పట్టీని నాలుగు స్క్రూలతో దిమ్మకు బిగించి ఒకవైపే కొడతారు. విప్పగానే అది విల్లులా వంగుతుంది, ఆ వంపు ఎత్తే తీవ్రత. ఎ పట్టీ మందం 1.29 మిల్లీమీటర్లు, ఎన్ పట్టీ మందం 0.79. అదే తీవ్రతకు ఎన్ పట్టీ దాదాపు మూడు రెట్లు వంగుతుంది. అల్యూమినియంకు తేలిక దెబ్బలే సరిపోతాయి కాబట్టి ఎన్ పట్టీ కొలతే అడగండి. సమయాన్ని రెట్టింపు చేసినా వంపు 10 శాతానికి మించి పెరగకపోతే పట్టీ సంతృప్త స్థితికి వచ్చినట్టు. ఇక్కడే చాలామంది పొరపడతారు: ఆ పట్టీ ఉక్కు, మీ భాగం అంతకన్నా మెత్తన. పట్టీ సంతృప్తమయ్యే సమయానికి మీ ఫిల్లెట్ మీద గుంటలు ఎప్పుడో నిండిపోయి ఉండవచ్చు. భూతద్దం పట్టుకుని ఫిల్లెట్‌నే చూడండి. దెబ్బ తగలని చోటు మిగలకపోతే అక్కడ ఆపించండి.

గుండు వ్యాసం ఫిల్లెట్ వ్యాసార్ధంలో సగానికి మించకూడదు. మించితే మూలలోకి దెబ్బే చేరదు, పక్కలు మాత్రం నలుగుతాయి. మేము ఉక్కు గుండ్లు మానేసి సిరామిక్ పూసలకు మారాం. ఉక్కు గుండ్లు వదిలే ఇనుప రేణువులు తేమ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తాయి. గాజు పూసలూ పనికొస్తాయి, కానీ పగిలిన ముక్కలను ఎప్పటికప్పుడు జల్లించి తీసేయకపోతే వాటి పదును గీతలు పెడుతుంది.

గుండ్రటి ఇరుసు లాంటి భాగమైతే రోలర్‌తో నొక్కే పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. ఉపరితలం నునుపుగా వస్తుంది, సంపీడనమూ లోతుగా దిగుతుంది. లేజర్ పీనింగ్ మిల్లీమీటరు దాకా, ఇంకా పైకీ వెళ్తుంది, కానీ ఖర్చుకు తగినంత కీలకమైన భాగమైతేనే ఆలోచించండి.

వరుస మాత్రం మార్చకండి. మెషినింగ్ అంతా అయ్యాక పీనింగ్, ఆ తర్వాతే అనోడైజింగ్. అనోడైజ్ పొర పెళుసు, దానంతట అదే అలసట బలాన్ని తగ్గిస్తుంది. ముందే పీనింగ్ ఉంటే ఆ నష్టం చాలావరకు పూడుతుంది. పొర ఎక్కాక కొడితే అది చిట్లిపోతుంది. పౌడర్ కోటింగ్ ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. 180 డిగ్రీల ఓవెన్‌లో పీనింగ్ ఫలితమూ పోతుంది, టి6 బలమూ తగ్గుతుంది. పీనింగ్ తర్వాత 90 డిగ్రీలు దాటి ఎక్కువసేపు వేడి తగలనివ్వకూడదు.

పరీక్షలో విరిగిన ముక్కలను తుడవకండి, ఒకదానికొకటి ఆనించి చూడకండి, విడివిడిగా దాచండి. బీట ఉపరితలం నుంచే మొదలైతే తీవ్రత ఇంకా తగ్గించాలి లేదా ఫిల్లెట్ పెంచాలి. మా చివరి విడత ముక్కల్లో అది పైపొర కింద, లోపల ఒక చుక్క దగ్గర మొదలైంది. అంటే పీనింగ్ తన పని చేసింది. అలా వచ్చాక ఇంకా ఎక్కువ కొట్టించి ప్రయోజనం లేదు, ఆ చోట భాగం మందం పెంచాలి.