మొదటిసారి ఆఫ్టర్‌షాక్‌ల వెంట వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. పెద్ద భూకంపం వచ్చిన చోట, దాని వెనకే వచ్చే ప్రకంపనల్ని (ఆఫ్టర్‌షాక్‌ల్ని) నమోదు చేసే సిస్మోమీటర్లు పెట్టడానికి నిన్ను పంపుతున్నారన్నావు, టెన్షన్‌గా ఉందన్నావు. ఉండాల్సిందే. అది లేనివాళ్లే పగుళ్లిచ్చిన గోడ పక్కన పరికరం పెడతారు.

వీలైనంత త్వరగా బయలుదేరు. 1891లో జపాన్‌లో వచ్చిన నోబి భూకంపం తర్వాతి ప్రకంపనల్ని లెక్కపెట్టి, 1894లో జపాన్ శాస్త్రవేత్త ఒమోరి చెప్పిన సూత్రం నువ్వు చదివే ఉంటావు. రోజులు పెరిగేకొద్దీ రోజుకు వచ్చే ప్రకంపనలు అదే నిష్పత్తిలో తగ్గుతాయి. మొదటి రోజు వంద వస్తే పదో రోజుకు పది, నూరో రోజుకు ఒకటి. 1961లో మరో జపాన్ శాస్త్రవేత్త ఉట్సు దీన్ని కాస్త సవరించాడు, ఒక్కో చోట తగ్గే వేగం ఒక్కోలా ఉంటుందని. ఈ సూత్రాన్ని ఇంకో వైపు నుంచి చూడు. మొదటి రోజు నుంచి పదో రోజు దాకా ఎన్ని వస్తాయో, పదో రోజు నుంచి నూరో రోజు దాకా కూడా దాదాపు అన్నే వస్తాయి. అందుకే ఆలస్యంగా వెళ్లడం ఎంత తప్పో, పది రోజులకే పరికరాలు పీక్కొచ్చేయడమూ అంతే తప్పు. రెండోది ఎక్కువమంది చేస్తారు, ఎందుకంటే అప్పటికి అందరికీ ఇల్లు గుర్తొస్తుంది.

పరికరాలు పెట్టేటప్పుడు లోతు సంగతి మరిచిపోకు. ముందుగా చేరే వేగమైన పీ తరంగం వచ్చాక ఎన్ని సెకన్లకు నెమ్మదైన ఎస్ తరంగం వచ్చిందో చూసి ఎనిమిదితో గుణిస్తే, ప్రకంపన పుట్టిన చోటికి దూరం కిలోమీటర్లలో సుమారుగా వస్తుంది. చుట్టూ స్టేషన్లుంటే ప్రకంపన మ్యాప్ మీద ఎక్కడ పుట్టిందో తేలిగ్గానే తెలుస్తుంది. ఎంత లోతులో పుట్టిందో తెలియాలంటే మాత్రం దానికి దాదాపు నెత్తిమీద ఒక స్టేషన్ ఉండాలి. లోతు సరిగ్గా వస్తేనే ఆ చుక్కలన్నీ కలిసి, జారిన ఫాల్ట్ (నేల లోపలి రాతి పగులు) ఏ వాలులో ఉందో చూపిస్తాయి. గడియారాన్నీ నమ్మకు. దానికి సరైన టైమిచ్చే జీపీఎస్ సిగ్నల్ అందిందని కళ్లతో చూశాకే గొయ్యి పూడ్చు. సెకనులో పదో వంతు తేడా వస్తే చాలు, చుక్క అర కిలోమీటరు పక్కకు పోతుంది.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. నేను కొత్తగా చేరినప్పుడు, ఒక భూకంపం తర్వాత మొదటి కొన్ని గంటల రికార్డు ఇచ్చి లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టి, 'మొదట్లో చిన్న ప్రకంపనలు తక్కువగా వచ్చాయి' అని రాసేశాను. మా పెద్దాయన చదివి ఒక్కటే అడిగారు: "రాలేదా, నీకు కనబడలేదా?" పెద్ద కుదుపు ఊగిసలాటలో చిన్నవన్నీ మునిగిపోతాయి, ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అన్నిటికంటే ఎక్కువ వచ్చే ఆ గంటల్లోనే మనకు అన్నిటికంటే తక్కువ కనిపిస్తాయి. ఇప్పుడు మీకు నయం. తెలిసిన ప్రకంపన అలల ఆకారాన్ని పట్టుకుని, రికార్డంతా జరుపుకుంటూ అలాంటివాటిని వెతికి తీయొచ్చు. అయినా ఏ మాగ్నిట్యూడ్ (భూకంపం సైజు కొలత) నుంచి ఒక్కటీ తప్పకుండా లెక్క పూర్తిగా ఉందో తేల్చుకోకుండా గ్రాఫ్ గీయకు.

సంఖ్య తగ్గుతుంది, నిజమే. సైజు కూడా తగ్గుతూ వస్తుందని మాత్రం ఎవరూ రాసివ్వలేదు. అతిపెద్ద ఆఫ్టర్‌షాక్ అసలు భూకంపం కంటే 1.2 మాగ్నిట్యూడ్ తక్కువుంటుందని బాత్ సూత్రం. కానీ అది సగటు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 వచ్చింది, పదిహేడు రోజులకు మే 12న 7.3 వచ్చింది. న్యూజిలాండ్‌లో 2010 సెప్టెంబరులో 7.1 వచ్చింది క్రైస్ట్‌చర్చ్‌కు పడమరగా, కాస్త దూరంలో. ఐదు నెలలు దాటాక, 2011 ఫిబ్రవరి 22న, అంతకన్నా చిన్నది దాదాపు నగరం కిందే వచ్చి 185 మందిని బలి తీసుకుంది. ఎంత పెద్దదన్నదే కాదు, ఎక్కడ వచ్చిందన్నదీ చూడాలి.

అక్కడ జనం నిన్ను అడిగేది ఒక్కటే: "అయిపోయినట్టేనా అమ్మా?" అయిపోయిందని మాత్రం అనకు. ఏది అసలుదో, ఏది మలిదో తర్వాతగానీ తేలదు. జపాన్‌లోని కుమమొతోలో 2016 ఏప్రిల్ 14న వచ్చినదే పెద్దదనుకున్నారు, 16న అంతకన్నా పెద్దది వచ్చింది. దాంతో అక్కడి వాతావరణ సంస్థ జనానికిచ్చే హెచ్చరికల్లో 'ఆఫ్టర్‌షాక్' అనే మాటే మానేసింది, ఇక వచ్చేవన్నీ చిన్నవే అనుకుంటారని. నువ్వు కూడా "రోజురోజుకూ తగ్గుతాయి, కానీ పెద్దది వచ్చే అవకాశం కొంత ఉంటుంది, పగుళ్లిచ్చిన ఇంట్లోకి వెళ్లొద్దు" అని చెప్పు. శాతాల్లో అంచనాలుంటే అవీ చెప్పు, జనం అర్థం చేసుకుంటారు. జపాన్ గణాంక శాస్త్రవేత్త ఒగాటా 1988లో ఇచ్చిన నమూనా ఇలాంటి లెక్కలకు బాగా పనికొస్తుంది. అందులో ప్రతి ప్రకంపనా తల్లే, చిన్నదైనా తన పిల్లల్ని కనగలదు.

భూకంపం వల్ల చుట్టూ నేల లోపల ఒత్తిడి ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో చూపే ఎర్ర, నీలం మ్యాపులు నీకు ఎవరో ఒకరు చూపిస్తారు. అవి అందంగా ఉంటాయి. 1992లో కాలిఫోర్నియాలో లాండర్స్ భూకంపం వచ్చిన మూడు గంటలకే బిగ్ బేర్‌లో మరొకటి ఎందుకొచ్చిందో బాగానే వివరించాయి. కానీ చాలా మ్యాపులు జరిగాక గీసినవేనని గుర్తుంచుకో.

స్పేర్ బ్యాటరీ కేబుళ్లు రెండు ఎక్కువే పెట్టుకో. ప్రతి గొయ్యి ఫొటో తియ్యి, సెన్సర్ ఉత్తర దిశ గుర్తు అందులో కనబడాలి. మొదటి స్టేషన్ రికార్డు మొదలవగానే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

నీ పెదనాన్న