కంటైనర్ పాతి పైన మట్టి కప్పితే చెమ్మ రాకుండా తారు పూత సరిపోతుందా?

రాజోలు దగ్గర పొలంలో 20 అడుగుల పాత కంటైనర్‌ని పాతి, పైన 2 అడుగుల మట్టి వేసి విత్తనాల గది చేసుకుందామనుకుంటున్నాను, బయట తారు పూస్తే చాలా అని అడిగారు. చాలదండి. తారు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గొయ్యి మానుకోండి.

మన గోదావరి డెల్టాలో పేచీ అంతా కిందినుంచి వచ్చే ఊటతోనే. కాలువలు వదిలి ఊడ్పులు అయ్యాక పల్లపు పొలాల్లో నాలుగడుగులు తవ్వకుండానే నీళ్లు తగులుతాయి. ఖాళీ కంటైనర్ బరువు సుమారు 2.3 టన్నులు, అడుగు వైశాల్యం 14.8 చదరపు మీటర్లు. అంటే గోతిలో నీళ్లు దాని ఫ్లోరు దాటి ఆరంగుళాల పైచిలుకు లేస్తే చాలు, తేలిపోతుంది. సీలు ఎంత బాగా చేస్తే అంత బాగా తేలుతుంది! పైన మట్టి బరువు ఉంటుంది కదా అంటారేమో, ఆ బరువు మోసే పైకప్పు దానికి లేదు. కంటైనర్‌కి బలమంతా నాలుగు మూల స్తంభాల్లోనే. పైకప్పు 2 మి.మీ. రేకు, పక్క గోడలు ఇంకా పల్చన. 2 అడుగుల తడి మట్టి అంటే 17 టన్నుల మాట. కప్పు మధ్యలో దిగుతుంది, దిగినచోట నీళ్లు నిలుస్తాయి, గోడలు లోపలికి పొడుచుకొస్తాయి. పక్కన వేసింది నల్లరేగడి అయితే మరీ చేటు. తడిసినప్పుడు ఉబ్బి గోడని తోస్తుంది, ఎండాకాలం బీటలిచ్చి గోడకి అతికించిన వాటర్‌ప్రూఫ్ షీటుని లాగి చింపుతుంది.

కంటైనరే కావాలంటే దిమ్మల మీద నిలబెట్టి, పైన జానెడు ఖాళీ వదిలి కొబ్బరాకు పందిరి వేయండి. మట్టే కప్పాలంటే కల్వర్టులకు వాడే రకం ముడతల జీఐ (జింకు పూత ఉన్న ఇనప రేకు) ఆర్చి షెడ్డు తీసుకోండి. మట్టి రెండు పక్కలా సమంగా నొక్కితే ఆర్చి నిలబడుతుంది, అందుకు తగ్గ మందం, ముడత లోతు డిజైను చేసినవాళ్ల చేత లెక్క కట్టించండి. దుకాణాల్లో దొరికే మామూలు కప్పు రేకు దీనికి పనికిరాదు.

షెడ్డు మెరక మీద ఉండాలి. 1986 ఆగస్టు వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి, ఫ్లోరు దానికంటే పైన పెట్టండి. మెరకకి ఎర్ర గ్రావెల్ ఆరంగుళాల పొరలుగా పోసి రోలింగ్ చేయాలి. దాని మీద ఆరంగుళాల 20 మి.మీ. కంకర, పైన 250 మైక్రాన్ల పాలిథిన్ రెండు వరసలు, ఆపైన కాంక్రీటు. కంకర లేకపోతే చెమ్మ కిందినుంచి పైకి పాకుతూనే ఉంటుంది. మట్టి పని, పునాది కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లోనే ముగించుకోండి.

ఎక్కువగా కారేది రేకు కాదు, రేకు కాంక్రీటుని తాకే అడుగు జాయింటు. అక్కడ కాంక్రీటు అంచుని బయటివైపు 2 అంగుళాలు మెట్టు దించి పోయించండి, నీరు జాయింటు దగ్గర నిలవదు. మూలలో పాలిమర్ మోర్టారుతో 45 డిగ్రీల వాలు పెట్టి, నీరు దిగనివ్వని షీటు అంటే మెంబ్రేన్‌ని దాని మీదుగా పునాది ముఖం మీదికి ఒక అడుగు మేర దించాలి. రేకుల అతుకుల్లో బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు) పెట్టాకే బోల్టులు బిగించాలి. రబ్బరు వాషరు స్క్రూలు ఎండలో షెడ్డుకి సరే, మట్టి కింద పనికిరావు.

ఇక పూత. ఇళ్ల కప్పులకి పూసే తారు ఎండకి మెత్తబడి నిలువు రేకు మీద జారుతుంది, చలికి పగులుతుంది. రేకుని డిటర్జెంటుతో కడిగి, ఆరాక ఎమరీతో గరుకు చేసి, జింకుకి పట్టే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద కోల్‌తార్ ఎపాక్సీ (తారు కలిసిన రెండు పాళ్ల పెయింటు) రెండు కోట్లు, కోటుకి 125 నుంచి 150 మైక్రాన్లు. ఒక కోటు గోధుమ రంగు, రెండోది నలుపు వేయిస్తే ఎక్కడ వదిలేశారో కంటికే కనపడుతుంది. పొద్దున్నే మంచు ఆరకముందు పూస్తే మాత్రం పొరలు పొరలుగా ఊడొస్తుంది. సముద్రం దగ్గర, ఉప్పునీటి చెరువుల పక్కన అయితే రేకుకి జింక్ ఆనోడ్లు (రేకుకి బదులు తామే తుప్పు పట్టే జింకు దిమ్మలు) కూడా కట్టించాలి. బెంటొనైట్ షీట్లు (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బంకమట్టి షీట్లు) అక్కడ వద్దు, ఉప్పునీటిలో అవి సరిగ్గా ఉబ్బవు.

అసలు రక్షణ మాత్రం రేకుకి అంటించింది కాదు. ముడతల మీద షీటు అంటిస్తే గాడి దగ్గర గాల్లో వేలాడి, మట్టి బరువుకి అక్కడే చిరుగుతుంది. అందుకే ఆర్చి మీద అడుగు మట్టి వేశాక గొడుగులా 1 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు పరచండి. భీమవరం వైపు రొయ్యల చెరువులకి లైనింగ్ వేసే టీములే వేడి వెల్డింగ్ మిషనుతో అతుకుతాయి. షీటు కిందా పైనా జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) ఉండాలి. గోడ దాటి 6 నుంచి 8 అడుగులు, 20కి 1 వాలుతో సాగి, చివర కంకరలో పెట్టిన 110 మి.మీ. చిల్లుల పైపులో ముగియాలి. ఆ పైపు 100కి 1 వాలుతో బోదెలోకి పోవాలి, బోదె నిండినా వెనక్కి తన్నకూడదు. ఆ వెల్డింగ్ అతుకు రెండు గీతలుగా పడుతుంది, వాటి మధ్య ఖాళీలోకి గాలిపంపుతో సుమారు 2 బార్ ఎక్కించి 5 నిమిషాలు ఆపండి, గేజు ముల్లు బాగా పడిపోతే చిల్లి ఉన్నట్టే. షీటు మీద ఆరంగుళాల కంకర పరవడం దండగ ఖర్చులా కనిపిస్తుంది గానీ, అది లేకపోతే పందికొక్కులు తవ్వుతాయి. దాని మీద ఇంకో జియోటెక్స్‌టైల్, ఒండ్రు మట్టి, గడ్డి. చెట్లు వద్దు.

మట్టి పొక్లెయిన్‌తో ఒక పక్కే గుమ్మరిస్తే ఆర్చి ఒరుగుతుంది. 8 అంగుళాల పొరలుగా, అటొకటి ఇటొకటి, ఎత్తు తేడా అడుగు దాటకుండా వేయాలి.

ఇంత చేసినా జూన్ నుంచి లోపల రేకు చెమర్చవచ్చు. అది కారడమో చెమటో తేలాలంటే రేకు తుడిచి ఆరబెట్టి, అడుగు పాలిథిన్ ముక్క నాలుగు అంచులా టేపుతో అంటించండి. మర్నాటికి ముక్క మీద గదివైపు తడి ఉంటే గాలిలో చెమ్మ, ముక్క వెనక నీరుంటే లీకు. గాలిలో చెమ్మ అయితే వానాకాలం కిటికీలు తెరవడం తప్పు, బయటి తేమ గాలి లోపలికొచ్చి చల్లటి రేకు మీద నీరవుతుంది. తలుపులు మూసి డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే మిషను) నడపాలి. వరి విత్తనం తేమ 13 శాతం దాటకూడదు, అందుకు గదిలో తేమ 60 శాతం దగ్గర ఉండాలి. ఆ కరెంటు బిల్లు భరించలేకపోతే విత్తనాలకి మెరక మీద మామూలు గోదామే మేలు, ఈ గది పనిముట్లకి వాడుకోండి.