ఎన్నారై సందేహాలు: ఎదురింటావిడ ఇచ్చిన డబ్బా తీసుకెళ్ళొచ్చా అక్కా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వచ్చే నెల దుబాయ్‌లో ఉద్యోగంలో చేరుతున్నాడట, ఎదురింటావిడ వాళ్ళబ్బాయికి ఆవకాయ, స్వీట్లు కలిపి సీలు వేసిన డబ్బా ఇస్తానంటోందట, కాదంటే అమ్మ నొచ్చుకుంటుందట.

వద్దు తమ్ముడూ. మాది విజయవాడ పటమట, నేను షార్జా వచ్చి చాలా ఏళ్ళయింది, కొత్తగా వచ్చేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఇదే. ఆవిడ మంచిదే కావచ్చు, కానీ ఆ డబ్బా ఆవిడ చేతికి ఎక్కణ్ణించి వచ్చిందో, మధ్యలో ఎవరు "ఇది కూడా పెట్టండి పిన్నిగారూ" అన్నారో నీకు తెలియదు.

2019లో ముంబై నుంచి ఒక కొత్త జంట దోహా వెళ్ళారు. ట్రిప్ ఖర్చు పెట్టింది దగ్గరి బంధువే, చేతిలో ఒక పొట్లం పెట్టింది కూడా ఆవిడే. దోహా ఎయిర్‌పోర్ట్‌లో విప్పితే అందులో 4 కిలోల చరస్, అంటే గంజాయి జిగురుతో చేసే మత్తుమందు. అప్పటికి ఆ అమ్మాయి గర్భిణి. ఇద్దరికీ పదేళ్ళ శిక్ష వేశారు, బిడ్డ జైల్లోనే పుట్టింది. ఇంటివాళ్ళు మన దేశంలో మత్తుమందుల కేసులు చూసే నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోని ఆశ్రయిస్తే వాళ్ళు అసలు ముఠాని పట్టుకున్నారు, ఆ ఆధారాలు ప్రభుత్వం ద్వారా ఖతార్‌కి చేరాయి, 2021లో కోర్టు వాళ్ళని నిర్దోషులని వదిలేసింది. రెండు దేశాలు కలిసి పనిచేయబట్టి బయటపడ్డారు, అయినా దాదాపు రెండేళ్ళు పోయాయి. అందరికీ అలా కలిసొస్తుందనుకోకు.

"నాకు తెలియదు సార్" అంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 1988లో వియన్నాలో మత్తుమందుల అక్రమ రవాణా మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం జరిగింది, దాదాపు ప్రపంచ దేశాలన్నీ అందులో ఉన్నాయి, మన దేశం కూడా. సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి, నేరస్తుణ్ణి అప్పగించాలి, గంజాయి, నల్లమందు తోటల్ని పీకించాలి అన్నీ అందులోనే ఉన్నాయి. సరుకు దొరికినా వెంటనే పట్టుకోకుండా వదిలేసి, అది చివరికి ఎవరి చేతికి చేరుతుందో కనిపెట్టే పద్ధతి కూడా ఉంది, అంటే నువ్వు విమానం ఎక్కేసరికే నీ పెట్టె మీద రెండు దేశాల కళ్ళు ఉండొచ్చు. ఇక నీ దగ్గర దొరికితే నీకు తెలిసే ఉంటుందని మొదలుపెట్టే చట్టాలు చాలా చోట్ల ఉన్నాయి, తెలియదని నువ్వే నిరూపించుకోవాలి. మత్తుమందుల మీద మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టమూ అంతే. సింగపూర్‌లో 500 గ్రాములు దాటిన గంజాయి రవాణాకి ఉరిశిక్ష.

మన ఊరి సంగతే చూడు. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా పోర్టులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరికింది, టాల్క్ రాళ్ళ పేరుతో అఫ్ఘానిస్తాన్ నుంచి ఇరాన్ మీదుగా వచ్చిన రెండు కంటైనర్లలో. కాగితాల మీద దిగుమతి కంపెనీ అడ్రస్ ఎక్కడిదంటే విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మామూలు ఇల్లు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఈ వ్యాపారంలో పేరు ఒకరిది, అడ్రస్ ఒకరిది, మోసే చెయ్యి ఇంకొకరిది, డబ్బు మాత్రం ఎక్కడా కనపడనివాడిది.

పండించేవాడి గతీ అంతే. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో దళారులు అడ్వాన్సులిచ్చి గంజాయి వేయిస్తారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు, కానీ ఆ కొండమీది రైతుకి కాఫీ, మిరియాలు, పసుపు మీద గిట్టుబాటు వచ్చేదాకా దళారి మళ్ళీ ఎక్కుతూనే ఉంటాడు. అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లు 2022లో నిషేధించాక మరుసటి ఏడాదికి నల్లమందు సాగు 95 శాతం పడిపోయింది, అదే ఏడాది మయన్మార్ మొదటి స్థానానికి వచ్చింది. ఒక దేశం ఒక్కటే ఆపితే ఆగేది కాదు ఇది.

ఈమధ్య "బ్యాంకాక్ ఫ్రీ ట్రిప్, వచ్చేటప్పుడు ఒక బ్యాగ్ తెస్తే చాలు" అని కాలేజీ కుర్రాళ్ళకి ఎర వేస్తున్నారు. అది హైడ్రోపోనిక్ గంజాయి, అంటే మట్టి లేకుండా నీళ్ళలో పెంచేది. నీ స్నేహితులెవరికైనా అలాంటి ఫోన్ వస్తే మత్తుమందుల్ని అరికట్టే మన ఆంధ్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972కి చెప్పండి.

ఇప్పుడు మీ వంటింటి విషయం. గసగసాలు దుబాయ్‌కి తేకూడదు, గింజ కూడా. నల్లమందు వచ్చే కాయలోని గింజలే అవి, యూఏఈలో నిషేధం. నేను మొదటిసారి బయలుదేరినప్పుడు అమ్మ మసాలా డబ్బాలో ఒక చిన్న పొట్లం పెట్టింది, ముందే దుబాయ్‌లో ఉన్న మా పెద్దన్నయ్య ఫోన్‌లో అడిగి మరీ తీయించాడు, లేకపోతే నా గతి ఏమయ్యేదో. కోడికూర మసాలా కూడా గసగసాలు లేకుండా దంచమని అమ్మకి చెప్పు, కూరలోకి జీడిపప్పు ముద్ద వేసుకోవచ్చు. నొప్పికి వాడే ట్రమడాల్, అలాగే కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్రకి వాడే అల్ప్రజోలం లాంటివి డాక్టరు చీటీ ఉన్నా సరే, ముందుగా యూఏఈ ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చేటప్పుడు ఇదే మర్చిపోతారు.

అమెరికా వెళ్ళేవాళ్ళు కూడా వినండి. కాలిఫోర్నియాలో గంజాయి షాపులో అమ్మినా ఫెడరల్ చట్టానికి అది నేరమే, వాడానని ఒప్పుకున్నా వీసాకి ఎసరు వస్తుంది.

ఒకవేళ ఎయిర్‌పోర్ట్‌లో ఆపితే పరిగెత్తకు, వాదించకు. భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడుగు, కాన్సులేట్ల మీద 1963లో జరిగిన వేరే వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. అర్థంకాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకు, అనువాదకుడు కావాలని అడుగు.

ఎదురింటావిడకి ఏం చెప్పాలో కూడా చెప్తాను. కంపెనీ వాళ్ళు వేరేవాళ్ళ సామాను తేవద్దన్నారని చెప్పక్కర్లేదు, అబద్ధం ఎందుకు, "సీలు వేసినవి తీసుకెళ్ళను పిన్నిగారూ, పట్టుకుంటే జైలు" అని నేరుగా చెప్పు. అమ్మ నొచ్చుకుంటే నేను రాసింది చదివి వినిపించు. వాళ్ళబ్బాయికి దుబాయ్ కరామాలో మన ఆవకాయ దొరుకుతుంది, ఏ కొట్టులో బావుంటుందో నేనే చూపిస్తాను.